జడ ముచ్చట్లు: కత్తెర పెట్టకుండనే పంక్ కొప్పు

ప్రశ్న: అక్కా, నేను మహబూబ్‌నగర్‌ల డిగ్రీ సెకండియర్ చదువుతున్న. కాలేజ్ ఫెస్ట్‌ల మా ఫ్రెండ్సంతా కలిసి పాట పాడుతున్నం, అందరం పంక్ గెటప్, అదే గోల గోలగ రాక్ పాటలు పాడెటోళ్ల వేషం, ఏస్కుందామని అనుకున్నం. నా జుట్టు నడుం దాంక ఉంటది, పక్కలకు గొరిగించుకుంటే మా అమ్మ ఇంట్లకు రానియ్యదు. కత్తిరియ్యకుండ, రంగు ఎయ్యకుండ ఆ మోహాక్ లెక్క పైకి లేపి కొప్పు పెట్టుకోవచ్చునా? పార్లర్ల అడిగితే పెళ్లి కొప్పులే వస్తయ్ అన్నరు.

జవాబు: మస్తుగ పెట్టుకోవచ్చు చెల్లె, కత్తెర ముట్టుకునే పనే లేదు. పక్కలు గొరిగినట్టు అణిగి కనపడాలె, నడిమిట్ల మాత్రం లేచి ఉండాలె, ఈ రెండు కుదిరితే చూసెటోళ్లకు అది మోహాకే, దీన్నే ఫో హాక్ అంటరు. ముందటి రోజే తలకు పోసుకో, ఫెస్ట్ పొద్దున పోసుకుంటే జుట్టు జారుతది, పిన్ను నిలవదు. నూనె పెట్టకు, కండిషనర్ కూడా కుదుళ్లకు తగలనియ్యకు.

ముందుగాల నొసటి నుంచి మెడ దాంక నడిమిట్ల నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ తీసి క్లిప్పులు పెట్టి పక్కకు ఉంచు. పక్కల జుట్టును చెవి దిక్కు నుంచి నడిమికి, తలకు అంటుకొని పోయేటట్టు సన్నగ జడలు అల్లు, ఒక్కో దిక్కు మూడు నాలుగు చాలు. అల్లడం రాకపోతే జెల్ రాసి తడి బ్రష్‌తోని గట్టిగ పైకి దువ్వి పిన్నులు పెట్టినా నడుస్తది, కానీ గంటలకొద్ది స్టేజ్ మీద ఎగిరేదుంటే జడలే నమ్మకం.

ఇప్పుడు అసలు పని. నడిమి పట్టీని ఒకదాని ఎనక ఒకటి నాలుగు పిలకలుగ చిన్న నల్ల రబ్బర్లతో కట్టు, పక్క జడల చివర్లు కూడా వాటిల్నే కలుపు. ఒక్కో పిలకల సన్న పాయ తీసి నిట్టనిలువుగ పట్టుకొని దువ్వెనతో చివర నుంచి కాదు, మధ్యల నుంచి కుదురు దిక్కు చిన్నగ చిన్నగ కిందికి నెట్టు, బ్యాక్ కోంబింగ్ అంటరు కదా అదే, కుదురు దగ్గర గుబురు కాంగనే స్ప్రే కొట్టి ఆరనియ్యి. నీది నడుం దాంక ఉన్న జుట్టు కాబట్టి బరువుకు పడిపోతది, అందుకని కొప్పు కింద పెట్టే నల్ల డోనట్, అదే గుండ్రటి స్పాంజి చక్రం, తెచ్చి ఒక్క కాడ కోసి పొడుగు చేసి ఆ పిలకల నడుమ నిలువుగ పెట్టి పిన్నులు కొట్టు, మీదికెళ్లి గుబురు చేసిన పాయలు చుట్టి చివర్లు లోపటికి దోపు. పైపొర మాత్రం మెల్లగ చేతితో సదురు, దువ్వెన లోపటికి దిగితే గుబురంతా పోతది. స్లైడ్ పిన్నులు పెట్టేటప్పుడు వంకర వంకరగ ఉన్న దిక్కు తలకు ఆనాలె, ఒకదాని మీద ఇంకోటి అడ్డంగ పెడితే కదలవు.

విప్పేటప్పుడు జర ఓపిక పట్టు, అన్నిటికన్న నాకు ఇదే ముఖ్యం. పిన్నులన్ని తీసినంక గుబురు మీద కండిషనరో కొబ్బరినూనో బాగ పట్టించి, కిందికెళ్లి మీదికి వేళ్లతో చిక్కు తియ్యి, ఆ తర్వాతనే పెద్ద పళ్ల దువ్వెన. మీది నుంచి గుంజితే ఎంటికలు తెగి చేతికొస్తయ్.

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ. నా జుట్టు పలుచగ భుజాల దాంకనే. గుడ్డు తెల్లసొన, చక్కెర నీళ్లు, గమ్ము పెడితే ముళ్ల లెక్క నిలబడతదని వీడియోలల్ల చూసిన. పెట్టొచ్చునా?

జవాబు: గమ్ము అసలే వద్దమ్మా, అది కడిగినా సుతారంగ పోదు, కొన్ని గమ్ములైతే కత్తిరియ్యాల్సి కూడా రావొచ్చు. తెల్లసొన, చక్కెర నీళ్లు, సబ్బు మాత్రం ఉత్త ముచ్చట కాదు, 1970లల్ల లండన్ల, న్యూయార్క్‌ల పంక్ పిల్లలు చేతుల పైసలు లేక ఇంట్ల ఉన్నదాన్నే వాడిన్రు, బట్టలకు పిన్నీసులు పెట్టుకున్నది కూడా అట్లనే. ఆ ముళ్లకు లిబర్టీ స్పైక్స్ అని పేరు, అమెరికల ఉన్న లిబర్టీ బొమ్మ కిరీటం చూసి పెట్టిన్రు. అందుకే ఖరీదైన సామాను లేకపోతే పంక్ కాదన్న మాట నేను ఒప్పుకోను. కానీ మన ఎండలకు చక్కెర నీళ్లు చెమటకు కరిగి బంకలెక్క మెడ మీదికి కారుతయ్, గుడ్డు నీసు వాసనొస్తది, పైగా వేడినీళ్లతో కడిగితే తలమీదనే ఉడుకుతది. మామూలు గట్టి జెల్ తీస్కో. పలుచ జుట్టు బ్యాక్ కోంబింగ్ చేస్తే ఇంకా బాగ లేస్తది, సాలకపోతే చిన్న సవరం ముక్క రబ్బరు కింద దోపు, ఎవ్వరికీ తెల్వదు. రోజూ మాత్రం ఇట్ల గట్టిగ గుంజి కట్టకు, నొసటి దగ్గరి ఎంటికలు కుదుళ్లకెళ్లి ఊడుతయ్, అట్ల ఏండ్లకేండ్లు చేస్తే మళ్ల రావు.

ప్రశ్న: మేడం, నల్గొండల చిన్న పార్లర్ నడుపుతున్న. సంగీత్ కోసం ఒక పెళ్లికూతురు లెహంగ మీదికి పంక్ కొప్పు అడిగింది. పూలు కూడా కావాలంటున్నది. రెండు కలుస్తయా?

జవాబు: కలుస్తయ్, మంచిగ అడిగింది ఆ పిల్ల. పక్కలకు జెల్ బదులు జడలే అల్లండి, నడిమి గుబురు మరీ ఎత్తు లేకుండ వేలు పొడుగు చాలు. మల్లెల దండ చుట్టూ తిప్పితే మళ్ల మామూలు కొప్పే అయితది, అందుకని పూలు ఒక్క పక్కకే, జడలు కలిసే గీత మీద యూ పిన్నులతో దగ్గర దగ్గరగ పెట్టండి, ఇంకో పక్క వెండి గొలుసో చిన్న పిన్నీసులో వరుసగ ఏలాడదీయండి. స్ప్రే పూలు పెట్టకముందే కొట్టాలె, మీద కొడితే రేకులు నల్లబడ్తయ్. కొట్టినంక బాగ ఆరేదాంక హారతి పళ్లెం, అగరొత్తుల దగ్గరికి ఆమెను పోనియ్యకండి, ఆ స్ప్రేకు ఊకె మంట అంటుకునే గుణం ఉంటది. వారం ముందు ఒక్కసారి ట్రయల్ చేసి ఫోటో తీసి ఇంట్లోళ్లకు చూపియ్యమనండి, సంగీత్ నాడు అద్దం ముందట పంచాయితి లేకుండ పోతది.