32 కలిపితే చాలు అనుకునేవాళ్ల కోసం

స్ట్రింగ్‌లో, అంటే వరసగా ఉన్న అక్షరాల్లో, పెద్ద అక్షరాలను చిన్నవిగా, చిన్నవాటిని పెద్దవిగా తిప్పే ప్రోగ్రామ్‌ని ఇంటర్వ్యూల్లో పదే పదే ఎందుకు అడుగుతారు, నిజం పనిలో ఎవరైనా వాడారా అని కదా ప్రశ్న.

నేను వాడాను. అనంతపురంలో విత్తనాల అంగడి నడిపే స్నేహితుడొకడు క్యాప్స్ లాక్ పడి ఉందని చూసుకోకుండా, పద్ధతిగా షిఫ్ట్ నొక్కుతూ, రైతుల పేర్ల జాబితా అంతా ఇంగ్లీషులో కొట్టి పెట్టాడు. ప్రతి పేరులో మొదటి అక్షరం చిన్నది, మిగతావన్నీ పెద్దవి. పైథాన్‌లో స్వాప్‌కేస్ అని ఒక ముక్క రాస్తే ఫైలంతా దారికొచ్చింది. నా ఉద్యోగ జీవితంలో దానికి దక్కిన గౌరవం అదొక్కటే. అన్నీ చిన్నవిగా మార్చడం వేరే సంగతి, ఈమెయిల్ ఐడీలు పోల్చాలన్నా సెర్చ్ రాయాలన్నా అది రోజూ కావాలి. తలకిందులు చేయడం మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

అయినా ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న అడగాల్సిందే అంటాను. మనిషి కోడ్ రాయగలడా లేదా అన్నది ఆ ఒక్క ప్రశ్నలోనే తేలిపోతుంది, మిగతా మూడు రౌండ్లూ దండగ.

మా చిన్నాయన కొడుకు అనంతపురంలోనే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొన్న సెలవులకు నేను బెంగళూరు నుంచి వచ్చినప్పుడు, పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తింటుంటే ల్యాప్‌టాప్ మోసుకొచ్చాడు.

"అన్నా, ప్రోగ్రాం కరెక్టే. కానీ నా పేరు మింగేస్తాంది సూడు."

చూస్తే సి భాషలో రాసిన ప్రోగ్రాం, ఇఫ్ లేదు, ఎల్స్ లేదు. ఒక లూపు, అందులో ప్రతి క్యారెక్టర్‌నూ 32తో ఎక్స్‌ఆర్ చేయడం, అంటే దాని నంబరులోని సున్నా-ఒకట్లలో (బిట్లలో) ఒకదాన్ని తలకిందులు చేయడం, అంతే. యూట్యూబ్‌లో ఎవరో 'ఒకే లైన్లో కేస్ మార్చండి' అని చెప్పారట. హలో అని కొడితే బాగానే తిరిగింది. తన పేరు కొట్టాడు: ఇంటిపేరు మొదటి అక్షరం వై, చుక్క, ఖాళీ, తర్వాత అసలు పేరు. తెర మీద చిన్న వై వచ్చింది, దాని పక్కన ఒక సంగీతం గుర్తు వచ్చింది, అక్కడితో సరి.

"పాట పాడతాంది కదన్నా," అని నవ్వాడు.

వాడి రికార్డు వెనక అట్ట మీదే రాసి చూపించాను. ఆస్కీలో, అంటే ఒక్కో అక్షరానికీ ఒక నంబరిచ్చిన పట్టికలో, పెద్ద వై 89, చిన్న వై 121, తేడా 32. ఆ 32 అనేది ఒకే ఒక బిట్ కాబట్టి ఎక్స్‌ఆర్ చేస్తే ఉన్నది పోతుంది, లేనిది వస్తుంది. అక్షరాలకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. కానీ చుక్క నంబరు 46. అందులో ఆ బిట్ ఎగిరిపోతే మిగిలేది 14. డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం తెర మీద 14కు ఇచ్చిన బొమ్మే ఆ సంగీతం గుర్తు. ఇక ఖాళీ నంబరే 32, ఎక్స్‌ఆర్ చేస్తే సున్నా. సి భాషలో సున్నా కనబడిందంటే స్ట్రింగ్ అయిపోయినట్టే లెక్క. వాడి పేరు మెమరీలో భద్రంగానే ఉంది, కేస్ కూడా సరిగ్గా తిరిగే ఉంది. తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్ మాత్రం సున్నా దగ్గరే ఆగిపోయింది.

"మరి వీడియోలో వచ్చిందే?"

"వాళ్లు ఖాళీ లేని మాట కొట్టినార్రా."

పనిలో పనిగా వాడు ఆ ప్రోగ్రాం నడిపిన కంపైలర్ గురించి కూడా చెప్పాలి. 1990ల తొలినాళ్ల టర్బో సి ప్లస్ ప్లస్‌ని డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాములను ఇప్పటి కంప్యూటర్లో నడిపించేది) కూర్చోబెట్టి ఇంకా పిల్లల చేత ల్యాబ్ చేయిస్తున్నారు. ఇన్‌పుట్ చదివే గెట్స్ అనే ఫంక్షన్‌ని సి ప్రమాణం నుంచి 2011లోనే తీసిపారేశారు, ఎంత పొడుగు ఇన్‌పుట్ వచ్చినా ఆపకుండా పక్క మెమరీ మీద రాసేస్తుందని. పిల్లల ల్యాబ్ రికార్డుల్లో మాత్రం అది ఇంకా బతికే ఉంది. జీసీసీ కంపైలర్ ఉచితంగా దొరుకుతుంది కదరా అంటే, "ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తే ఇదే అడుగుతారంట" అన్నాడు. ఏ కాలేజీ అని అడక్కండి.

సరే, 32కే వద్దాం. 1963లో వచ్చిన మొదటి ఆస్కీలో చిన్న అక్షరాలే లేవు. 1967 సవరణలో వాటికి చోటిచ్చినప్పుడు, పెద్దవాటికి సరిగ్గా ఒక్క బిట్ దూరంలో కూర్చునేలా అమర్చారు. అది ఆ పట్టికలోని సౌకర్యం, సి భాష ఇచ్చిన హామీ కాదు. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో వాడే ఎబ్సిడిక్ కోడ్‌లో ఇదే తేడా 64, పైగా అక్షరాలు వరసగా కూడా ఉండవు. అందుకే పెద్ద అక్షరమా అని చూసే ఈజ్‌అప్పర్, చిన్నదిగా మార్చే టూలోయర్ లాంటి ఫంక్షన్లు ఇచ్చి పెట్టారు. వాటిని వాడితే చిన్నతనం అన్నట్టు చూసే ఇంటర్వ్యూయర్లంటే నాకు ఒళ్లుమంట.

మావాడికి ఇంకో అనుమానం వచ్చింది, తెలుగులో కొడితే ఏమవుతుందని. పైథాన్ తెరిచి ఒక్కో అక్షరం యూనికోడ్ (అన్ని లిపులకూ కలిపి ఉన్న పట్టిక) నంబరునూ అదే 32తో ఎక్స్‌ఆర్ చేయించాం. ఏం కొట్టాలంటే, అనంతపురం వాళ్లం కదా, కరవు అని కొట్టాం. వచ్చింది ఇది: వఐకౡ. క కాస్తా వ అయింది, వ పోయి క అయింది, ర బదులు ఐ వచ్చింది, కొమ్ము తీసుకెళ్లి ఎవరూ వాడని ౡ చేసింది. మా జిల్లాలో కరవును ఇంత సులువుగా మార్చినవాళ్లు లేరు. అదే స్వాప్‌కేస్‌కు ఇస్తే ముట్టుకోకుండా అట్లాగే వదిలేసింది, మన లిపిలో పెద్దా చిన్నా లేవని దానికి తెలుసు.

రెండుసార్లు తిప్పితే మొదటిదే తిరిగొస్తుందన్న ధీమా కూడా పెట్టుకోకండి. జర్మన్‌లో ఎస్సెట్ అనే అక్షరం ఉంది. పైథాన్ దాన్ని తిప్పితే రెండు పెద్ద ఎస్‌లు వస్తాయి, మళ్లీ తిప్పితే రెండు చిన్న ఎస్‌లు. పాత అక్షరం ఇక రాదు. టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ వేరు, లేని ఐ వేరు. జావాలో లొకేల్ (ఏ భాష, ఏ దేశం అనే సెట్టింగ్) ఇవ్వకుండా అప్పర్‌కేస్ చేయిస్తే, టర్కిష్ సెట్టింగ్ ఉన్న మెషీన్లో చిన్న ఐ కాస్తా చుక్క ఉన్న పెద్ద ఐ అయి కూర్చుంటుంది. అక్కడ ఏ భాషకూ చెందని లొకేల్ డాట్ రూట్ ఇవ్వాలి.

కాబట్టి మిమ్మల్ని ఈ ప్రశ్న అడిగితే కోడ్ మొదలుపెట్టే ముందు ఇంగ్లీషు అక్షరాలేనా, ఇంకేమైనా వస్తాయా అని అడగండి. పెద్దదైతే ఇది, చిన్నదైతే అది అని రాశాక, రెండూ కాకపోతే ఉన్నదున్నట్టు వదిలెయ్ అనే మూడో ముక్క తప్పకుండా రాయండి. నేను ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే చూసేది ఆ మూడో ముక్కనే.

అడిగేవాళ్లకు కూడా ఒక మాట. ఉదాహరణకు హలో వరల్డ్ ఇవ్వకండి, అందులో ఉన్న ఒక్క ఖాళీని కూడా ఎవరూ పట్టించుకోరు. మా అనంతపురం కమలానగర్ అడ్రసు ఒకటి డోర్ నంబరుతో సహా ఇవ్వండి. అడ్డగీత నంబరు 45, గుడ్డిగా ఎక్స్‌ఆర్ చేస్తే 13, అంటే క్యారేజ్ రిటర్న్. కర్సర్ లైను మొదటికి పోయి, అప్పటిదాకా ప్రింట్ చేసిన దాని మీదే మళ్లీ ప్రింట్ చేస్తుంది.