సీశాట్ ప్యాసేజీల్లో చివరికి మిగిలే ఆ రెండు ఆప్షన్లు

సీశాట్‌లో, అంటే సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపర్లో, ప్యాసేజీ అర్థమవుతోంది, రెండు ఆప్షన్లు కొట్టేస్తున్నా, మిగిలిన రెండింట్లో తప్పుదే పెడుతున్నా అని మీరన్నారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని చిక్కడపల్లి లైబ్రరీలో చదివిన మా బ్యాచ్‌లో సగం మందిది ఇదే గోల. తెలుగు మీడియం వాళ్లం కాబట్టి ఇంగ్లిష్ మీదికి నెట్టేసేవాళ్లం. నన్నడిగితే ఇంగ్లిష్ కంటే ఎక్కువ ముంచేది మనకు ముందే తెలిసిన జీఎస్ (జనరల్ స్టడీస్).

ఒక ప్యాసేజీ ఇలా ఉందనుకోండి: "నగరంలో చెరువులు పూడిపోయేకొద్దీ లోతట్టు బస్తీలు మునగడం ఎక్కువైంది. నాలాలు వెడల్పు చేసినా ఉపశమనం కొంతే." దీని సారం ఏది?

1. చెరువులు బాగుంటే నగరానికి ముంపే ఉండదు.
2. నాలాల విస్తరణ దండగ.
3. చెరువుల కబ్జాలను అరికట్టాలి.
4. ముంపు తగ్గించడానికి నాలాలొక్కటే చాలవు.

ఒకటోది ఎక్కువ మాట్లాడింది. రెండోది "కొంతే" అన్నదాన్ని "అసలు లేదు" చేసేసింది. ఇవి అందరూ కొట్టేస్తారు. హైదరాబాద్‌లో ఉన్నవాడి చెయ్యి మూడు మీదికే పోతుంది, రోజూ పేపర్లో చూసే వార్త కదా! కానీ ప్యాసేజీలో కబ్జా ఊసే లేదు. పూడిక మట్టి వల్లా కావొచ్చు, చెత్త వల్లా కావొచ్చు. జవాబు నాలుగు. అందుకే చివరి రెండింట్లో ప్రతిదానికీ "ఇది ఏ లైన్లో ఉంది?" అని వేలు పెట్టి చూపించుకోండి. చూపించలేనిది ఎంత నిజమైనా వదిలేయాల్సిందే.

అజంప్షన్ ప్రశ్న వస్తే ఈ పద్ధతి పనిచేయదు, ఎందుకంటే అజంప్షన్ అంటే రచయిత చెప్పకుండానే నిజమనుకున్న మాట, అది రాసి ఉండదు. అక్కడ ఆప్షన్‌ను తిరగేయండి. "పూడిక తీస్తే ముంపు తగ్గుతుంది" అని రచయిత వాదిస్తే, "వాననీరు చెరువులోకి చేరే దారి ఉంది" అనేది అజంప్షన్. దారి లేదనుకుని చూడండి, వాదన కూలిపోతుంది. తిరగేసినా వాదన నిలబడితే ఆ ఆప్షన్ కాదు.

మార్కుల లెక్క కూడా చూసుకోండి. 80 ప్రశ్నలు, 200 మార్కులు, క్వాలిఫై కావడానికి 33 శాతం, అంటే 66. ఒక్కోదానికి 2.5 మార్కులు, తప్పయితే అందులో మూడో వంతు పోతుంది. నాలుగింట్లో ఏదీ కొట్టేయలేకపోతే గుడ్డిగా పెట్టడం వల్ల సగటున వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. రెండు కొట్టేశాక మాత్రం పెట్టడమే లాభం, టెన్షన్ పడి ఖాళీ వదలొద్దు.

ప్రాక్టీస్‌కు పాత యూపీఎస్సీ పేపర్లు, వాళ్లిచ్చిన కీ చాలు. నేను కొన్న ఒక జిరాక్స్ మెటీరియల్లో కీ చూస్తే, రాసినవాడు కూడా జీఎస్‌తోనే జవాబులు పెట్టినట్టుంది. కీ చూసి టిక్కులు పెట్టుకుని వదిలేయకండి. మిగతా మూడూ ఏ మాట దగ్గర తప్పాయో పక్కన పెన్సిల్‌తో రాయండి. రోజుకు రెండు ప్యాసేజీలు చాలండీ, అంతకంటే ఎక్కువైతే ఈ రాసే పని ఎగ్గొడతాం.