మజ్జిగ ఎవరికి ఎక్కువ?

ప్రశ్న: మావాడికి ఐదున్నరేళ్లు. వాడికీ వాళ్లక్కకీ ఒకే కొలత మజ్జిగ పోసినా, అక్క పొడుగు గ్లాసు చూసి "అక్కకే ఎక్కువ పోసినావు" అని ఏడుస్తాడు. మొండితనమా, మందబుద్ధా?
- ఒక తల్లి, గుత్తి

జవాబు: రెండూ కాదు. ఆ వయసు పిల్లలు చాలామంది ఇదే మాటంటారు. గ్లాసు ఎత్తు కంటికి ఆనితే వెడల్పు లెక్కలోకి రాదు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే (1896-1980) చెప్పిన ఏకమితి ఇదే. పోసినదాన్ని తిరిగి పాత గ్లాసులో పోస్తే ఎప్పటంతే అవుతుందని మనసులో తిప్పి చూసుకోవడమూ ఇంకా రాలేదు.

ఇంట్లోనే చూడొచ్చు. ఒకే రకం గ్లాసులు రెండింటిలో 100 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు పోసి, "రెండూ సమానమేనా?" అని అడగండి. కాదంటే చెంచాతో వాడినే సరిచేయనివ్వండి. వాడు ఒప్పుకోకముందే ముందుకెళ్తే పరీక్షకు అర్థం ఉండదు. తర్వాత ఒక గ్లాసులోవి వాడిచేతే సన్నటి పొడుగు గ్లాసులోకి వంపించి మళ్లీ అడగండి. అసలు ప్రశ్న ఆ తర్వాతిది: "ఎందుకు?" "ఇది పైకుంది" అంటే ఇంకా సమయం ఉంది. "సన్నగా ఉంది కాబట్టి పైకొచ్చింది" అంటే పట్టుకున్నట్టే.

ఇందులో ఒక చిక్కుంది. పెద్దవాళ్లు అదే ప్రశ్న రెండోసారి అడిగితే, మొదటి జవాబు తప్పేమోనని పిల్లలు మాట మార్చేస్తారు. 1974లో మెక్‌గారిగిల్, డొనాల్డ్‌సన్ రెండు వరుసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, ఒక వరుసను అల్లరి ఎలుగుబంటి బొమ్మ చెదరగొట్టినట్టు చేశారు. పెద్దమనిషి జరిపినప్పటికన్నా చాలా ఎక్కువమంది "సమానమే" అన్నారు. అందుకే ఏడేళ్లకుగానీ ఇది రాదని పియాజే గీసిన గీతను మరీ గట్టిగా పట్టుకోకండి. "సమానం అను" అని పలికించి లాభం లేదు, అది చిలకపలుకే. చెంబులూ గ్లాసులూ ఇచ్చి నీళ్లతో ఆడనివ్వండి. ఈలోపు ఏడుపు ఆగాలంటే ఇద్దరికీ ఒకే రకం గ్లాసుల్లో పోయండి!

ప్రశ్న: మూడో తరగతిలో సగంమంది 52 - 27 = 35 అంటున్నారు. "పక్కన అప్పు తెచ్చుకో" అని ఎన్నిసార్లు చెప్పినా అంతే.
- ఒక టీచర్, ప్రొద్దుటూరు

జవాబు: ఆ 35 వెనక ఒక సూత్రం ఉంది: పెద్ద అంకెలోంచి చిన్నది తీసెయ్. 7లో 2 పోతే 5, 5లో 2 పోతే 3. నిన్నటిదాకా 58 - 27 లాంటి లెక్కల్లో ఇది బాగానే పనిచేసింది, ఎందుకు వదులుతారు? మీ మాటతో వదలరు. ఆ సూత్రం వాళ్ల చేతుల్లోనే బెడిసికొట్టాలి.

నలుగురికొక జట్టు. జట్టుకు 52 చీపురుపుల్లలు: పదేసి కట్టలు ఐదు, రబ్బరుబ్యాండు వేసినవి, విడివి రెండు. 32 మంది ఉంటే ఎనిమిది జట్లు, 416 పుల్లలు. కట్టలు పిల్లలే లెక్కపెట్టి కట్టాలి. మీరు కట్టిచ్చిన కట్టలో పది ఉన్నాయని వాళ్లకు నమ్మకమేంటి? ముందు ఎన్ని మిగులుతాయో పలకమీద రాయించి, "27 నాకివ్వండి" అనండి. రెండు కట్టలు వెంటనే ఇస్తారు. ఏడు విడివి కావాలి, ఉన్నవి రెండే. ఇక్కడ నోరు కట్టుకోవాలి. టీచర్ తానే రబ్బరు ఊడదీస్తే పాఠం అక్కడితో సరి. కాసేపట్లో ఎవరో ఒకరు విప్పుతారు. పన్నెండులో ఏడు ఇస్తే ఐదు, కట్టలు రెండు. 25. అప్పుడు పలకమీది 35 చూపించి, "27 ఇచ్చాక 35 మిగలాలంటే మొదట ఎన్నుండాలి?" అని అడగండి.

పది రూపాయల నోట్లతో మొదలుపెట్టకండి, నోటు విప్పితే పది కనిపించవు. మర్నాడే నోటుపుస్తకానికి దూకినా పాత సూత్రం తిరిగొస్తుంది. మధ్యలో కొన్నాళ్లు కట్టకు గీత, పుల్లకు చుక్క గీయించండి. 40 - 13 లాంటి సున్నా లెక్కలు చివర్లో.

ప్రశ్న: స్కాఫోల్డింగ్ వైగాట్‌స్కీ మాటేనా? పిల్లలు తమతో తామే మాట్లాడుకోవడం గురించి పియాజేతో ఆయనకు తేడా ఏంటి?
- డీఎస్సీ అభ్యర్థి, ఆదోని

జవాబు: సామీప్య వికాస మండలం, అంటే పిల్లలు సొంతంగా చేయగలిగినదానికీ తెలిసినవాళ్ల సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న ఎడం, రష్యా మనస్తత్వవేత్త వైగాట్‌స్కీది (1896-1934). స్కాఫోల్డింగ్ (కావలసినంత సాయం చేసి, వచ్చేకొద్దీ తగ్గించడం) అన్న మాట వుడ్, బ్రూనర్, రాస్ 1976 వ్యాసంలోది. రెంటినీ కలిపి రాయకండి. ఇక స్వగతం సంగతి: అది అహంకేంద్రితమనీ, ఎదుటివాళ్ల వైపునుంచి చూడటం వచ్చేకొద్దీ తగ్గిపోతుందనీ పియాజే భావన. పోదు, లోపలికి వెళ్లి అంతర్భాషణ అవుతుందని వైగాట్‌స్కీ. బొమ్మ గీస్తుండగా కావలసిన పెన్సిల్ దొరకకపోతే ఆ మాటలు పెరగడం ఆయన గమనించాడు.