యంత్రం వదిలేసిందని నీకెవరు చెప్పారు?

అమ్మాయ్,

ఆనెట్ యాష్‌బెర్రీ మీద నీ వ్యాసం అందింది. కోపం తగ్గాక రాద్దామని రెండు రోజులు పక్కన పెట్టాను. తగ్గలేదు. "యంత్రాల రొదలోంచి పూల మౌనంలోకి ఆమె అడుగుపెట్టింది" అన్నావు చూడు, అక్కడే కాగితాలు మడిచేశాను.

రాస్తున్నది ఎవరి గురించి? బ్రిటిష్ ఇంజనీరు ఆనెట్ యాష్‌బెర్రీ గురించి. మొదటి ప్రపంచ యుద్ధం ముగియగానే, 1919లో బ్రిటన్‌లో చట్టం తెచ్చి మరీ యుద్ధానికి ముందున్న పని పద్ధతులు పునరుద్ధరించారు. అంటే, ఫ్యాక్టరీల్లో పని నేర్చుకున్న ఆడవాళ్లను ఇంటికి పొమ్మని. ఆ మరుసటి ఏడాదే లఫ్‌బరోలో అటలాంటా అనే ఇంజనీరింగ్ కంపెనీ పుట్టింది. అందులో పనివాళ్లు ఆడవాళ్లే. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో ఈమె ఒకతె. 1925లో సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్ అనే ఇంజనీర్ల సంఘంలోకి ఎన్నికైన తొలి మహిళ కూడా ఈమే. ఇదంతా ఒక్క పేరాలో ఊదేసి, పూలకు మూడు పేజీలిచ్చావు. ఆ మూడు పేజీల్లో ఒక్క మొక్కకైనా పేరుందా?

తర్వాత తోటపనిలోకి వచ్చిన ఆమెకు పేరు తెచ్చినవి బుల్లి తోటలు. 1951లో వాటి మీద పుస్తకమే రాసింది. జానెడు తొట్టెలో తోట కట్టడమంటే ఏమనుకున్నావు? అడుగున బెజ్జం ఉండాలి, దాని మీద గులకరాళ్లు, ఆ పైన నీరు నిలవని మట్టి. పెట్టిన రాయి అంగుళం పెద్దదైతే చాలు, పక్కనున్న పొట్టి జూనిపర్ మొక్క చెట్టులా కాకుండా మొలకలా కనిపిస్తుంది. అదంతా కొలత లెక్క. ఫ్యాక్టరీలో అలవాటైన చెయ్యే తొట్టెలోనూ పనిచేసింది. నువ్వేమో ఆ చెయ్యి తీసేసి మనశ్శాంతి పెట్టావు.

నా ముప్పయ్యో ఏట లేత్ మీద ఇనుము చెక్కే ఒక టర్నర్ మీద కథ రాద్దామని లేత్ షాపులో వారం రోజులు కూర్చున్నాను. ఆయన నా మొహం కూడా చూడలేదు. నాలుగో రోజు, చెక్కుతుంటే రాలిన రజను ముక్క ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. స్ప్రింగులా చుట్టుకుని, నీలంగా మెరుస్తోంది. "ఈ రంగు చూసే స్పీడు తగ్గిస్తామండీ" అన్నాడు. కథంతా ఆ ముక్క కోసమే రాశాను. వారపత్రిక సంపాదకుడు సరిగ్గా ఆ పేరానే కొట్టేసి, కూతురి పెళ్లి గొడవ పెంచమన్నాడు. పెంచాను. అచ్చయింది, డబ్బులూ వచ్చాయి. ఆ సంచిక మాత్రం ఇంట్లో ఉంచుకోలేదు.

అప్పుడు పెళ్లి గొడవలు, ఇప్పుడు స్ఫూర్తి. "తొలి మహిళ" అని పైన రాసి కింద గులాబీ బొమ్మ వేస్తే చాలు, లైకులే లైకులు. ఆమె ఏ పనిముట్టు పట్టిందో ఎవడికి కావాలి?

ఏ పత్రికకు పంపాలి, ఎవరిని చదవాలి అని అడిగావు. అవి తర్వాత. ముందు ఒక తొట్టెలో మొక్క నాటి, నెల రోజులు బతికించు.

మొక్కల వేళ్లు కత్తిరించడం గురించి రాసిన ఆ రెండు వాక్యాలు మాత్రం ముట్టుకోకు. మిగతాది తిరగరాసి ప్రింటు తీసి పంపు. ఫోన్‌లో అక్షరాలు నా కళ్లకు ఆనడం లేదు.