రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయిన బోల్టు

ప్రశ్న: లేత్ మీద పనిచేస్తున్నాను. డ్రాయింగులు మిల్లీమీటర్లలో వస్తాయి, మా పాత లేత్ మాత్రం అంగుళాలది. సీనియర్లు "రెండు థౌ తీయి" అంటుంటారు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). మొన్న ఒక పాత మెషిన్‌కి 8 మి.మీ. బోల్టు పెడితే రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. ఎందుకిలా? ఈ కొలతల మార్పిడి అంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ రంధ్రం చాలావరకు 5/16 అంగుళానిదై ఉంటుంది. 5/16 అంటే 7.94 మి.మీ., కంటికి ఎనిమిదిలాగే కనిపిస్తుంది. మోసమంతా థ్రెడ్‌లో ఉంది. 8 మి.మీ. బోల్టు మామూలు పిచ్, అంటే పక్కపక్క థ్రెడ్ల మధ్య దూరం, 1.25 మి.మీ., 5/16 రంధ్రానికేమో అంగుళానికి 18 థ్రెడ్లు, అంటే పిచ్ 1.41. రెండు చుట్ల వరకు సర్దుకుంటుంది, ఆ తర్వాత రెండూ కొట్టుకుంటాయి. స్పానర్‌తో బలవంతం చేయలేదు కదా? చేసి ఉంటే రంధ్రం పాడైనట్టే. ఇకమీదట ముందు పిచ్ గేజ్ పెట్టి చూడండి.

అంగుళం అంటే సరిగ్గా 25.4 మి.మీ. 1959లో ఇంగ్లిష్ మాట్లాడే దేశాలు ఒప్పుకున్న లెక్క ఇది. కొత్తలో నేను సులువుగా ఉంటుందని 25 అనుకుని 4 అంగుళాల షాఫ్టును 100 మి.మీ.కి కోసేశాను. 1.6 మి.మీ. పొట్టి! ఆ ముక్క చాలాకాలం నా బెంచీ మీదే ఉండేది, ఫోర్‌మన్ తీయనివ్వలేదు.

టాలరెన్స్, అంటే కొలతలో అనుమతించే తేడా, మార్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఐదు థౌ అంటే 0.127 మి.మీ. దాన్ని 0.13 చేస్తే హద్దు దాటినట్టే, 0.12కి తగ్గించుకోండి.

ఇక రెండు థౌ అంటే 0.05 మి.మీ. అనుకోవచ్చు. కానీ అది వ్యాసం మీదా, టూల్ లోపలికి వెళ్లే లోతు మీదా అని అడగండి. చాలామంది దెబ్బ తినేది అక్కడే, యూనిట్ల దగ్గర కాదు.

మీ లేత్ గేర్ల డబ్బాలో 127 పళ్ల గేరు ఉందేమో వెతకండి. 25.4ని ఐదుతో గుణిస్తే 127. లీడ్ స్క్రూ (థ్రెడ్ కోసేటప్పుడు టూల్‌ను నడిపే పొడవాటి స్క్రూ) అంగుళాలదైనా ఆ గేరుతో మిల్లీమీటర్ థ్రెడ్ కచ్చితంగా వస్తుంది.

అన్నట్టు, ఈ లెక్కలేవీ పైపుల దగ్గరికి తీసుకెళ్లకండి. అర అంగుళం అని పిలిచే ఇనప పైపును బయట వెర్నియర్ పెట్టి కొలవండి, 21.3 మి.మీ. దగ్గర చూపిస్తుంది.