చీమకుర్తి కెమెరా మీద రాస్తున్న తమ్ముడికి

ఒంగోలు

తమ్ముడూ,

చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో స్లాబుల షేడ్ పోల్చడానికి బిగించిన రంగుల కెమెరా గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఆపరేటర్ల కోసం ఇలాంటిది తెలుగులో రాయాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. కానీ మొదటి రెండు పేజీలూ సెన్సర్ చరిత్రకే పోయాయి. నీ పాఠకుడు ఎవరనుకున్నావు? కెమెరా బిగించి నిచ్చెన దిగి, స్క్రీన్ మీద బొమ్మ రాక నిలబడిపోయిన మనిషి. సెన్సర్ మీద రంగుల ఫిల్టర్ల అమరిక కనిపెట్టిన బేయర్ 1976లో దానికి పేటెంట్ తీసుకున్న సంగతి అతనికి ఇప్పుడెందుకు? కెమెరా ఎందుకు పలకడం లేదో చెప్పు చాలు.

అక్కడి నుంచే మొదలుపెట్టు. “నెట్‌వర్క్ సెట్టింగులు సరిచూసుకోవాలి” అన్నావు. ఏం చూడాలి? నెట్‌వర్క్ అడ్రస్ ఇచ్చే సర్వర్ లేక, స్థిరమైన అడ్రస్సూ పెట్టకపోతే, కెమెరా తనంతట తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుంటుంది. కంప్యూటరేమో 192.168లో, అంటే వేరే నెట్‌వర్క్‌లో ఉంటుంది. అప్పుడు లిస్టులో కెమెరా పేరు కనిపిస్తుంది, తెరవబోతే తెరుచుకోదు. ఈ ముక్క ఇలాగే రాయి. అడ్రస్‌లు కుదిరినా బొమ్మ రాకపోతే కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటోందేమో చూడమను. ఇంకో ప్రోగ్రాం కెమెరాను పట్టుకుని ఉందేమో కూడా చూడమను.

వేగం దగ్గర విశేషణాలు తీసేసి లెక్క చూపించు. 1920×1200 పిక్సెళ్ల బొమ్మ, పిక్సెల్‌కి ఒక బైటు చొప్పున 23 లక్షల బైట్లు. గిగాబిట్ కేబుల్ సెకనుకు మోసేది మహా అయితే 12.5 కోట్ల బైట్లు. అంటే యాభై బొమ్మలు. అదే కెమెరాలోనే పూర్తి రంగు తయారుచేసి పంపిస్తే ఒక్కోటి మూడింతలై, పదహారు పదిహేడు దగ్గర ఆగిపోతుంది. బేయర్ గారిని ఇక్కడికి తీసుకురా. ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుందని, నాలుగింట్లో రెండు ఆకుపచ్చవని, మిగతా రంగులు కంప్యూటర్ లెక్కగట్టుకోగలదని చెబితే, ముడి బొమ్మ పంపమని ఎందుకంటున్నామో అతనికే అర్థమవుతుంది. కెమెరాలో జంబో ప్యాకెట్ (ఒకేసారి ఎక్కువ డేటా మోసే పెద్ద ప్యాకెట్) పెడితే నెట్‌వర్క్ కార్డులోనూ స్విచ్‌లోనూ కూడా పెట్టాలి. ఒకచోట మరిచినా ఆ పెద్ద ప్యాకెట్లు దాటవు, బొమ్మ రాదు.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోటే అసలు సరుకుంది. “ఆటో మోడ్‌లో ఉంచితే చాలు” అన్నావు. చాలదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ స్లాబ్ నల్లటి నలుపు, మధ్యలో బంగారు చుక్కలు. ఆ నలుపు చూసి ఆటో ఎక్స్‌పోజర్ (ఒక్కో బొమ్మకి ఎంతసేపు వెలుగు పట్టాలో కెమెరాయే తేల్చుకోవడం) వెలుగు చాలడం లేదనుకుంటుంది, పెంచేస్తుంది. స్లాబ్ బూడిద రంగుకి తిరుగుతుంది, చుక్కలు తెల్లగా కాలిపోయి బంగారం పోతుంది. చుక్కలు దట్టంగా ఉన్న స్లాబ్ వస్తే మళ్ళీ తగ్గిస్తుంది. స్లాబ్‌కీ స్లాబ్‌కీ షేడ్ పోల్చడానికే కదా యజమాని అంత డబ్బు పెట్టింది! కొలబద్ద తనే సాగుతూ ఉంటే ఇంక కొలిచేదేముంది?

కాబట్టి ఈ భాగాన్ని తీరిగ్గా రాయి. లైట్లు వేసి కాసేపు వేడెక్కనివ్వాలి. స్లాబ్ వచ్చే చోటే గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిద అట్ట) పెట్టి, వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సర్దుబాటు, ఒక్కసారి తీసుకుని ఇక మారకుండా ఆపేయాలి. ఆఫీసు కాగితం పనికిరాదు, తెల్లగా కనబడ్డానికి అందులో నీలి మెరుపునిచ్చే రసాయనం కలుపుతారు. ఎక్స్‌పోజర్ చేత్తోనే పెట్టాలి. గెయిన్, అంటే సెన్సర్ సిగ్నల్‌ని పెద్దది చేసే సెట్టింగు, పెంచితే బొమ్మలో చుక్కల రొద పెరుగుతుంది, గెలాక్సీలో ఏది రాయి చుక్కో ఏది రొదో తేలదు. గెయిన్ బదులు లైటు పెంచమను. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే ఒక బొమ్మ వెలుగ్గా, ఒకటి మసగ్గా వస్తుంది. స్క్రీన్ మీద మైక్రోసెకన్లుంటాయి, అందుకని 10,000 అనే రాయి. పాలిష్ స్లాబ్ అద్దం లాంటిది కాబట్టి లైటును పక్కకి వాల్చాలని కూడా చెప్పు. షెడ్డు తలుపులోంచి పడే ఎండ సంగతి నువ్వు రాశావు, అది బావుంది, ఉంచు.

లెన్స్ పేరా చిన్నది చేయి. సీ, సీఎస్ అనేవి లెన్స్ బిగించే రెండు పద్ధతులు. సీఎస్ మౌంట్ లెన్స్ సీ మౌంట్ కెమెరాకి మరలో పడుతుంది కానీ దూరంలో ఉన్నది ఎంత తిప్పినా ఫోకస్ అవదు. అంతే.

మళ్ళీ రాశాక నాకు పంపకు. రాత్రి షిఫ్టు ఆపరేటర్ చేతికివ్వు. పక్కనే నిలబడు, నోరు విప్పకు. అతను ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. ఆ గీతలున్న కాగితాలు పంపు, అప్పుడు చూద్దాం.

నీ అన్న