యుద్ధం నడుస్తుండగా మనసు కుదుటపడుతుందా?

డాక్టర్లు లేనిచోట, బాంబులు ఇంకా పడుతుండగానే, మామూలు మనుషులు ఒకరికొకరు మనసు బాగుచేసుకోగలరా అని అడిగారు. చాలావరకు చేసుకోగలరు. నేను మనోవైద్యుణ్ణి కాను, కోనసీమవాణ్ణి. గల్ఫ్ వెళ్ళినవాళ్ళు లేని వీధి మా వైపు అరుదు కాబట్టి, ఎక్కడో జరిగే యుద్ధం మా గుమ్మంలోకే వస్తుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగేనాటికి మా పిన్ని అక్కడ ఒక ఇంట్లో పనికి ఉంది. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు, ఎడారి గుడారాల్లో కొన్నాళ్ళు, తర్వాత అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయికి. అలా ప్రభుత్వం తీసుకొచ్చిన 1,70,000 మందికి పైగా జనంలో ఆమె ఒకతె. ఇంటికి చేరాక పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ "అసలేం జరిగిందో చెప్పమ్మా" అనేవారే. చెప్పిన రాత్రి ఆమెకు నిద్ర పట్టేది కాదు. చివరికి మా అమ్మమ్మ వీధి గుమ్మంలోనే కూర్చుని, వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చి, పంటల కబుర్లు చెప్పి సాగనంపేది. ఘోరం చూసి వచ్చిన మనిషిని వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పించడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది.

పిన్నిని నిలబెట్టింది పరిహారం కాగితాలు అంటే నవ్వుతారేమో! కువైట్ విడిచి రావలసి వచ్చినవాళ్ళకు ఐక్యరాజ్యసమితి ద్వారా ఒక్కొక్కరికి 2,500 లేదా 4,000 డాలర్లు వస్తాయని తెలిసి, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు మా పెదనాన్నగారి అరుగు మీద చేరేవారు. చాలామందికి చదువు రాదు, దరఖాస్తులు ఆయనే నింపేవారు. ఆ పని కాసేపే. మిగతా పూటంతా కొబ్బరాకులు ముందేసుకుని, కత్తితో ఈనెలు తీసి చీపుర్లు కడుతూ కూర్చునేవారు. ఒకావిడ ఉన్నట్టుండి "గుడారాల దగ్గర నీళ్ళ లారీ వస్తే నీకు దొరికాయా?" అనేది. ఇంకొకావిడ తలెత్తకుండానే "మర్నాడు దొరికాయి" అనేది. అంతే, మళ్ళీ ఈనెలు. అడిగే మనిషికీ తెలిసిన సంగతే కనుక వివరించే పని లేదు. చేతిలో పని ఉంది కనుక ఎదుటివారి ముఖంలోకి చూడనక్కర్లేదు. ఏ పరామర్శా ఇవ్వలేనిది ఆ అరుగు ఇచ్చింది.

యుద్ధం ఆగనిచోట, అంటే ఉక్రెయిన్ లాంటి చోట, ఇంకో చిక్కు ఉంది. అక్కడ భయం జబ్బు కాదు. సైరన్ మోగగానే ఉలిక్కిపడే మనిషే ముందుగా నేలమాళిగ చేరతాడు. వాళ్ళకు "ధైర్యంగా ఉండండి" అని బోధించడం నాకైతే ఒళ్ళు మండించే విషయం. యుద్ధ ప్రాంతాల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి మానసిక రుగ్మత ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మిగతా నలుగురికీ దుఃఖం ఉంటుంది, కానీ వాళ్ళకు కావలసింది మందు కాదు. కాస్త నిద్ర, అయినవాళ్ళ కబురు, పిల్లలను ఒకచోట కూర్చోబెట్టే బడిలాంటిది, చేతికి పని. ఆ నలుగురూ నిలదొక్కుకుంటేనే ఐదో మనిషిని కనిపెట్టుకునేవాళ్ళు ఉంటారు.

ఇందుకోసం ఆ సంస్థే "ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్" అనే పద్ధతి తయారుచేసింది. డాక్టర్లు కానివాళ్ళకు శిక్షణ ఇస్తే, వాళ్ళే ఒక్కో మనిషితో ఐదుసార్లు కూర్చుని ఊపిరి నిదానించడం, చేతనైన సమస్యను ముక్కలు చేసి పరిష్కరించుకోవడం, ఆగిపోయిన పనులు మళ్ళీ మొదలుపెట్టడం, తోడు వెతుక్కోవడం నేర్పుతారు. హింసతో నలిగిన పాకిస్తాన్‌లోని పెషావర్‌లో పరీక్షిస్తే ఆందోళన, కుంగుబాటు తగ్గాయి.

అరుగు సరిపోని మనుషులూ ఉంటారు. చావు మాటలు, లేని గొంతులు వినిపించడం, వారాల తరబడి అన్నం నిద్ర మానేయడం, తాగుడులో మునగడం కనిపిస్తే ఊరి పెద్దరికం పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. మీవాళ్ళెవరైనా అలాంటి చోటు నుంచి వచ్చి ఉంటే మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను నంబరు 14416 దగ్గర పెట్టుకోండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.